భాషారత్న నడుముకు టవలు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో దేవేంద్రప్ప సార్ అంటే తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళెవరూ ఆయన ఎదురైతే నిలబడరు. పాలపొట్లానికి పోయేవాడు పక్కసందులోకి తిరుగుతాడు. ఆటోవాడు కనబడనట్టు హారన్ కొట్టుకుంటూ పోతాడు. నిలబడితే నోట్లోంచి ఏదో ఒక మాట వస్తుంది కదా, ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు ఎత్తుకొచ్చారు, నువ్వు దాన్ని ఎందుకు పాడుచేశావు అని ఆయన అందుకుంటాడు. ఇక చేతిలో పాలు విరగాల్సిందే గాని ఆయన విడవడు. ఈ బాధ తప్పించుకునే దారి లేనిది ఒక్క సరస్వతికే. ఆమె ఆయన భార్య.

సరస్వతిది సిరుగుప్ప అవతలి పల్లె. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆయన స్నేహితులతో అరుగు మీద కూర్చుని ఉంటే, తలుపు చాటు నుంచి "ఊటకు రండి" అని పిలిచింది. ఆమె పుట్టింట్లో భోజనాన్ని ఊట అంటారు. కన్నడంలో అదే మాట. దేవేంద్రప్ప తొడ చరుచుకుని నవ్వాడు. "విన్నారా? ఊట అంటే చెలమలో ఊరే నీళ్ళు. మా ఆవిడ మనల్ని చెలమలోకి దిగమంటోంది!" అన్నాడు. అరుగంతా పగలబడి నవ్వింది. సరస్వతి వంటింట్లోకి పోయి, ఆ నవ్వులు ఆగేదాకా ఉడికిన పప్పునే మళ్ళీ మళ్ళీ ఎనుపుతూ కూర్చుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె ఊట అనలేదు. పుట్టింటి మాటలు ఒక్కొక్కటే మానేసింది. చివరికి మాట్లాడటమే చాలావరకు మానేసింది. "నా భార్య మితభాషి" అని ఆయన నలుగురిలో చెప్పుకుని మురిసిపోతాడు. నోరు నొక్కినవాడే ఆ మాట అంటుంటే వినేవాళ్ళకు ఒళ్ళు మండదా?

దేవేంద్రప్ప సిద్ధాంతం ఒక్కటే. ప్రతి మాటకూ ఒక సొంతదారు ఉంటాడు, ఆ సొంతదారు తెలుగువాడు, మిగిలినవాళ్ళంతా దొంగలు. అవసరం అంటే మనకు కావలసి రావడం. అదే మాటను కన్నడంవాళ్ళు తొందరకు వాడతారు, హిందీవాళ్ళు మంచి అవకాశానికి వాడతారు. సంస్కృతంలో పుట్టిన మాట, ఇచ్చిన ఊరి తీరును ఆడపిల్ల నేర్చుకున్నట్టు, ఒక్కోచోట ఒక్కో తీరుకు అలవాటు పడిందని ఎవరైనా అనుకుంటారు. సార్ అనుకోడు. గుంతకల్లు పోయే రైల్లో ఒక ఉత్తరాది మనిషి తన కొడుకు శిక్ష గురించి దిగులుపడుతుంటే, "ఏం నేరం చేశాడు?" అని అడిగాడట. పాపం ఆయన దిగులు కొడుకు చదువు గురించి. హిందీలో శిక్ష అంటే చదువు. సంగతి తెలిశాక సిగ్గుపడాల్సింది పోయి, చదువును శిక్ష అనే జాతికి చదువెట్లా అబ్బుతుందని దిగేదాకా ఆ మనిషికి పాఠం చెప్పాడు. ఈ కథను ఆయన ప్రతి పెళ్ళి పంక్తిలోనూ చెబుతాడు. పక్కన కూర్చున్నవాడు పాయసం రాకముందే లేచిపోతాడు.

ఒకసారి ఆదోని పత్తి మార్కెట్‌కు పోయి, దళారి అంగడి మీద మండి అని రాసి ఉంటే గొడవ పెట్టుకున్నాడు. తెలుగులో మండి అంటే మంట లేచి అని అర్థమట, పత్తి పక్కన ఆ మాట రాయడం అశుభమట. దళారి నవ్వి, ఉర్దూలో మండీ అంటే సంత అన్నాడు. పత్తి తెచ్చిన కన్నడం రైతు, మా వైపు మండి అంటే మోకాలు అన్నాడు. ఇద్దరూ తప్పే అని సార్ తీర్పు చెప్పాడు. అక్కడ బోరాలు మోసే హమాలీ ఏసన్న ఊరుకోక, "సార్, మా పాస్టరు సెప్పినాడు, హీబ్రూలో అదోనీ అంటే నా ప్రభువా అని అర్థమంట. మన ఊరి పేరు మాదిరే ఉండాది, సూడండి!" అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల తన ఊరి పేరు వినిపించిందని ఆ మనిషికి సంబరం. రెండు దూరదేశాల్లో రెండు మాటలు ఏ చుట్టరికమూ లేకుండా ఒకే తీరుగా ఉండటం లోకంలో ఉన్నదే, విని నవ్వుకుని పోవచ్చు. మన సార్ ఆ వేసవంతా కూర్చుని, యూదులు పత్తికోసం ఆదోనికి వచ్చి పేరు ఎత్తుకుపోయారని వ్యాసం రాశాడు. ఏ పత్రికా దాన్ని వేసుకోలేదు. అందుకని తానే ఒక భాషా సంఘం పెట్టి, అందులో ఆ వ్యాసాన్ని తానే చదివి, తనకు తానే భాషారత్న బిరుదు ఇచ్చుకున్నాడు. కప్పుకున్న శాలువా సరస్వతి ట్రంకుపెట్టెలోది.

సరస్వతికి ఆయన మీద కోపం లేదు. కోపం ఉంటే కొంచెం ఆశ కూడా ఉన్నట్టే. ఆమెకు మిగిలింది ఏవగింపు. అది ఏ రోజు మొదలైందో కూడా ఆమెకు గుర్తుంది. దేవేంద్రప్పది మాధవరం. తుంగభద్ర ఒడ్డున ఆ ఊళ్ళో తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో తిరుగుతాయి. ఆయన తల్లి హనుమంతమ్మ నోరూ అట్లాంటిదే. ఆ ముసలామె ఆఖరి రోజుల్లో మంచంలో పడి, "నీరు కొడప్పా" అని కొడుకును అడిగింది. "నీళ్ళు ఇవ్వు అనమ్మా" అన్నాడు కొడుకు. చేతిలో గ్లాసు పట్టుకునే అన్నాడు. ముసలామెకు ఏమీ అర్థం కాక కొడుకు మొహంలోకి చూసింది. సరస్వతి ఆ గ్లాసు లాక్కుని తానే పట్టించింది. ఇటువంటి మనిషికి రోజూ కంచంలో అన్నం పెట్టాల్సి వచ్చిందే అని ఆ రోజు నుంచి ఆమె లోలోపల ఛీకొట్టుకుంటూనే ఉంది.

పెరట్లో మునగచెట్టు కింద నిలబడి అన్నతో ఫోన్లో మాట్లాడే కాసేపే ఆమెకు తన భాష. ఏమి మాట్లాడేదని? జొన్నలు, ఎద్దులు, వదిన నడుంనొప్పి. అయినా ఆ కాసేపు ఆమె గలగలా నవ్వేది. మొన్న దీపావళి ముందు అన్న పోయాడు. ఫోను మూగబోయింది.

అన్న పోయిన ఏడాదే చీర వంతు అన్న ఇంటికి వచ్చింది. ఉగాది ముందు కన్నడం సీమ నుంచి వేలాది జనం శ్రీశైలానికి నడుస్తారు. ఆదోని మీదుగా, ఎమ్మిగనూరు మీదుగా, ఎండలో, కొందరు చెప్పుల్లేకుండా, కొందరు మరగాళ్ళనే కట్టెకాళ్ళ మీద. అమ్మవారు వాళ్ళ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పండక్కి కూతురికి చీర పెట్టాలి కదా, అందుకే ఆ నడక. సరస్వతి పుట్టిన పల్లెలో ఏటా ఒక ఇల్లు ఆ చీర పంపుతుంది. ఆ ఇంట్లో పుట్టి బయటికి ఇచ్చిన ఆడపిల్లే దాన్ని మోయాలి. ఆమె అత్తింటి నుంచే గుంపులో కలవాలి. అత్తింటి మగవాడు ఒడి నింపి, పోయి రా అని నోటితో చెప్పి పంపాలి. ఒడి నింపనిదే చీర తలకెత్తుకోకూడదు. మోసే ఆడపడుచు లేకపోతే వంతు పక్కింటికి పోతుంది. ఆ గడప పేరు ఇక చీర పంపే ఇళ్ళలో ఉండదు.

"ఒక్క మాట సెప్పి పంపమను తల్లీ" అని వదిన ఫోన్లో కన్నడంలో ఏడ్చింది. "మీ అన్న పోయిన ఏడాదే మన గడప కూడా పోతాదా?"

సరస్వతి భర్త దగ్గరికి పోయింది. ఆయన వరండాలో పేపరులోని తప్పులకు ఎర్ర సిరాతో గీతలు గీస్తున్నాడు.

"ఈ ఏడు శ్రీశైలం చీర మా పుట్టింటి వంతు. అన్న లేడు. నేను మోయాల. ఒడి నింపి పంపండి."

ఆయన కళ్ళజోడు తీశాడు. "దాసోహం దాసోహం అంటూ పోయే ఆ గుంపులో నా భార్య నడవాలా? దాసోహం అంటే ఏమిటో తెలుసా వాళ్ళకు? నేను దాసుణ్ణి అని. లొంగిపోవడం, ఊడిగం చేయడం. అన్నం పెట్టడానికి ఆ మాట వాడుతున్నారు మూర్ఖులు. అర్థం తెలియని మాటలు మోసేవాళ్ళతో కలిసి మోస్తావా?"

"మాటలు నేను మోయను. చీర మోస్తాను."

దేవేంద్రప్ప పేపరు విసిరికొట్టాడు. ఆ తర్వాత లేచాడు. "యాడికి పోతావే? గడప దాటితే సూడు!" అని అరిచాడు. కోపం వస్తే భాషారత్న నోట్లోంచి మాధవరం బయటపడుతుంది. సరస్వతి దాన్ని గమనించి, నవ్వు రాకపోయినా నవ్వినట్టు మొహం పెట్టి లోపలికి పోయింది.

ఆ చీర నేసేది ఎమ్మిగనూరులోనే, వీధి మొదట్లో ఉన్న మాదన్న మగ్గం మీద. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు. ఆమె పోయేసరికి మాదన్న చీరను మగ్గం నుంచి దించి మడత పెడుతున్నాడు.

"అయిపోయిందక్కా. సారు ఏమన్నాడు?"

"నింపనన్నాడు."

"నేను పోయి అడిగేదా?"

"వద్దు మాదన్నా. అడిగేదానికి పోతే, అడగడం అనే మాట ఏ ఊరిదో సెప్పి పంపిస్తాడు."

మాదన్న నవ్వాడు. ఆ నవ్వు అరుగు మీది నవ్వులాంటిది కాదు. ఆమెకు ఎందుకో ఏడుపొచ్చింది. అన్న గడప ఈ మనిషి గర్వానికి పోతుందా? రాజుగారి కోటకో, పెద్ద శత్రువుకో పోయినా బాధ లేదు. పేపర్లో తప్పులు దిద్దే ఈ అల్పుడికా? ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఆయనకు మాత్రం రెండుసార్లు మజ్జిగ పోసింది, ఆయన దాన్ని భక్తి అనుకున్నాడు.

నేతగాళ్ళ వీధివాళ్ళు ఏటా రోడ్డు పక్కన షామియానా వేసి నడిచేవాళ్ళకు భోజనం పెడతారు. దాన్ని నడిపించేది వెంకటేశులు, నేతపని మానేసిన పెద్దాయన. ఆ షామియానాలో ఒక కట్టుబాటు ఉంది. వడ్డించేవాడు నడుముకు టవలు కట్టుకుంటే ఆ పూటకు దాసుడు. ఆఖరి మనిషి తిని లేచేదాకా టవలు విప్పకూడదు. నడిచేవాళ్ళు ఏది అడిగినా లేదు అనకూడదు. కాళ్ళకు నూనె రాయమంటే రాయాలి, కట్టుకున్న పంచె అడిగినా ఇచ్చేయాలి. టవలు కట్టినవాడు లేదంటే పంక్తి మొత్తం విస్తర్ల ముందు నుంచి లేచిపోతుంది. అందుకే ఫోటోకోసం వచ్చే పెద్దమనుషులు గరిటె పట్టుకుంటారే గాని టవలు జోలికి పోరు. దేవేంద్రప్పకు వెంకటేశులు ఈ సంగతి చాలాసార్లే చెప్పాడు. ఎదుటివాడు చెప్పేది వినే అలవాటు ఉంటే కదా ఆయన చెవికి ఎక్కేది! ఇన్నేళ్ళూ షామియానా అంచున నిలబడి, "దాసోహం కాదయ్యా, అన్నసంతర్పణ" అంటూ వెక్కిరించడమే ఆయన చేసిన సేవ.

ఈసారి ఆయన బ్యానర్ తానే వేయిస్తానన్నాడు. దాసోహం అనే మాట ఉండకూడదని షరతు.

"మీ ఇష్టం సార్" అన్నాడు వెంకటేశులు. "జనం కడుపు నిండేది ముఖ్యం, మనకేం."

బ్యానర్ వచ్చింది. అన్నసంతర్పణ మహోత్సవం అని చిన్న చిన్న వంకర టింకర అక్షరాలు ఒక మూల, మిగిలిన జాగా అంతా శాలువా కప్పుకున్న భాషారత్న దేవేంద్రప్ప. పొద్దున వచ్చిన మొదటి గుంపు దాన్ని చూసి, ఎవరో నాయకుడి పుట్టినరోజు కాబోలనుకుని, దండం పెట్టి ముందుకు నడిచిపోయింది. రెండో గుంపూ అంతే. గంగాళాల్లో అన్నం చల్లారుతోంది. తెలుగు అక్షరమూ కన్నడం అక్షరమూ తోడబుట్టినవే కదా, దాసోహం అని పెద్దగా రాసి ఉంటే వాళ్ళు దూరం నుంచే పోల్చుకుని ఆగేవాళ్ళు. వెంకటేశులు ఇంక ఆగలేక ఒక అట్ట మీద సున్నంతో ఆ మాట రాసి, కట్టెకు కట్టి, రోడ్డు అంచున పాతాడు. మూడో గుంపు ఆగింది. దేవేంద్రప్ప మొహం చిట్లించుకుని ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి తానే గరిటె అందుకుని, ఫోటో తీయమని ఒకడికి ఫోన్ ఇచ్చాడు. తీసినవి ఆయనకు నచ్చలేదు.

అప్పుడే సిరుగుప్ప వైపు గుంపు వచ్చి పంక్తిలో కూర్చుంది. వాళ్ళకు పెద్ద బసమ్మ. సరస్వతికి మేనత్త వరస, తెల్లజుట్టు ముడేసుకుని, కట్టెలాంటి ఒంటితో, ఏటా నడిచే మనిషి. సరస్వతి ముందురోజు పెరట్లోంచి ఆమెతో ఫోన్లో మాట్లాడి ఉంది. చేతిలో ఉతికిన ఎర్ర టవలుతో సరస్వతి షామియానాలోకి వచ్చి భర్త వెనక నిలబడింది.

"గరిటె ఒక్కటే పట్టుకుంటే ఫోటోలో బోసిగా ఉంటుంది. టవలు కట్టుకోండి, నిండుగా ఉంటుంది."

ఈ మధ్య ఆమె ఆయనతో ఇంత పొడుగు మాట మాట్లాడింది లేదు. ఆయనకు ఉబ్బు ఆగలేదు, చేతులు ఎత్తి నిలబడ్డాడు. ఆమె టవలు చుట్టి, ముడి వీపు వైపున వేసింది. గట్టిగా లాగి మరో ముడి వేసింది. వెంకటేశులు అది చూసి ఏదో చెప్పబోయి, సరస్వతి మొహం చూసి, నోరు మూసుకుని సాంబారు గంగాళం వైపు తిరిగాడు.

ఫోటో తీశారు. ఫోటోలో ఆయన నిజంగానే నిండుగా ఉన్నాడు.

బసమ్మ విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, అన్నం ముట్టలేదు. "యజమానరే" అని పిలిచింది. "ఒందు కేళ్తీని. కొడ్తీరేను?"

ఒకటి అడుగుతాను, ఇస్తారా అని ఆమె మాట. దేవేంద్రప్ప ఆ మాత్రం కన్నడం ఎరుగును. ఇంకో గరిటె సాంబారు అడుగుతుందనుకుని, "అడుగు తల్లీ, అడుగు" అన్నాడు ధర్మరాజులాగా.

"నమ్మ మనె మగళ ఉడి తుంబి కళస్రి."

మా ఇంటి కూతురి ఒడి నింపి పంపండి అని. మాదన్న కొత్త చీర మూటతో స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ అన్నం కలపలేదు. దేవేంద్రప్ప మొహంలో రంగు మారింది. అయినా పుట్టుకతో వచ్చిన గుణం ఎక్కడికి పోతుంది?

"ఉడి కాదు. ఒడి అనాలి" అన్నాడు.

"ఆయ్తు, ఒడి" అన్నది బసమ్మ తాపీగా. "తుంబ్రి." సరే, నింపండి అని.

ఆయన చెయ్యి వీపు వెనక్కి పోయింది. ముడి అందలేదు. అందినా విప్పేదానికి లేదని అప్పటికి ఆయనకు అర్థమయింది. "ఇదేంది వెంకటేశులూ?" అన్నాడు సన్నగా.

"టవలు కట్టుకున్నాక లేదనేదానికి లేదు సార్" అన్నాడు వెంకటేశులు. "మీకు సెప్పినా కదా. లేదంటే వీళ్ళంతా ఇస్తరాకుల ముందర నుంచి లేసిపోతారు. ఈ ఈది పరువు మీ సేతిలో ఉండాది."

పంక్తిలో కొందరు అప్పుడే మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేవబోతున్నారు. వీధి మొత్తం ఆయన వైపు చూస్తోంది. పాలపొట్లంవాడూ ఉన్నాడు, ఆటోవాడూ ఉన్నాడు. ఇన్నేళ్ళు సందుల్లోకి తప్పుకున్నవాళ్ళందరూ ఆ పూట కదలకుండా నిలబడి చూశారు. ఆయన కళ్ళు సరస్వతి వైపు తిరిగాయి. ఆమె కళ్ళు దించలేదు. ఆ చూపులో తన మీద ఎంత ఏవగింపు ఉందో ఆయన చదవగలిగాడో లేదో తెలియదు. మాటలు తప్ప ఆయనకు ఏదీ చదవడం రాదు.

వెంకటేశులు పళ్ళెం తెచ్చాడు. బియ్యం, కొబ్బరిచిప్ప, తమలపాకులు, జాకెట్టు గుడ్డ. దేవేంద్రప్ప దోసిలి నింపి ఆమె చెంగులో పోశాడు. గింజలు కొన్ని నేల మీద పడ్డాయి. ఏదో గొణిగాడు.

"కేళ్సలిల్ల" అన్నది బసమ్మ. వినపడలేదని.

"పోయి రా!" అని అరిచాడు భాషారత్న.

సరస్వతి చెంగు దోపుకుంది. మాదన్న ఆమె తలమీద చీర మూట పెట్టాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఆ వీధిలో, అందరి ముందు, భర్త మొహం మీదికి తన పుట్టింటి భాష మాట్లాడింది.

"హోగి బర్తీన్రి" అన్నది. పోయి వస్తానండీ అని.

ఆయన నోరు తెరిచాడు. ఏమి దిద్దబోయాడో, పంక్తిలోంచి ఒక ముసలాయన విస్తరి తట్టి "అన్న, అన్న" అని అన్నం అడిగాడు. ఇంకో వైపు నుంచి సాంబారు అన్నారు. ఎవరో కాళ్ళు చాపి నూనె అడిగారు. టవలు ఉంది కదా, ఆయన వంగాడు. గుంపు భోజనం చేసి లేచి, సరస్వతిని మధ్యలో పెట్టుకుని రోడ్డెక్కేటప్పుడు కూడా ఆయన ఎవరి కాళ్ళ దగ్గరో కూర్చుని నూనె రాస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. జాలి కలుగుతుందేమోనని చూసింది, కలగలేదు. బాగా అయింది అనుకుంది.

పొద్దు వాలుతుంటే ఎండ కొంచెం తగ్గింది. రోడ్డుకు రెండు వైపులా కోసేసిన మిరప చేలు. ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు, మొగుళ్ళను తిట్టుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. సరస్వతి అన్నీ వింటూ నడిచింది. నోరు తెరిచి కలవాలనే ఉంది, కాని అన్న ఫోను ఆగిపోయినప్పటి నుంచి ఏదైనా అనబోతే ముందు తెలుగు వస్తోంది. వెతుక్కుని కన్నడం మాట తెచ్చుకునేలోపల వాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతున్నారు. ఫర్వాలేదు, శ్రీశైలం దాకా దారి ఉంది అనుకుంది. తల మీద అన్న గడప ఉంది. ఆ బరువు ఆమెకు హాయిగా ఉంది.

పక్కన నడుస్తున్నది మల్లేశ్వరి అనే పడుచుపిల్ల, కొత్తగా పెళ్ళయింది, మొదటిసారి నడుస్తోంది. పాదాలు బొబ్బలెక్కి వెనకపడుతోంది.

"అవసర మాడబ్యాడ్రి అక్కా" అన్నది ఆ పిల్ల ఆయాసపడుతూ. "నన్న మండి నోయాకత్తావ."

తొందరపెట్టకండి, నా మోకాళ్ళు నొస్తున్నాయి అని.

"అవసరం కాదమ్మా, తొందర అనాల" అన్నది సరస్వతి.

అంతే చటుక్కున, ఆలోచన లేకుండా, అచ్చమైన తెలుగులో అన్నది. గొంతు కూడా తనది కాదు. చివర్లో మాటను కొంచెం సాగదీసి, ఎదుటివాళ్ళ తలమీద చెయ్యి పెట్టినట్టు పలికే ఆ తీరు ఎవరిదో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు. ముందు నడుస్తున్న ఆడవాళ్ళు తిరిగి చూసి పకపకా నవ్వారు. "పంతులమ్మ బందాళప్పా!" అన్నది ఒకామె, పంతులమ్మ వచ్చిందని. మల్లేశ్వరి మొహం ఎర్రబడింది. వాళ్ళు నవ్వింది తన మాటకనుకుంది ఆ పిల్ల. తల దించుకుని, నొప్పి పళ్ళ బిగువున పట్టుకుని, గబగబా నడవసాగింది.

సరస్వతి అక్కడే ఆగిపోయింది. ఎవరిని చూసి ఇన్నేళ్ళూ ఛీకొట్టుకుందో ఆయన ఎమ్మిగనూరు షామియానాలో టవలు కట్టుకుని ఉండిపోయాడనుకుంది. ఉండిపోలేదు. ఆమె నాలుక మీద కూర్చుని వెంట వచ్చాడు. తనను తాను ఇంత అసహ్యంగా ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. ఏమని బతిమాలుకోవాలో తెలియక, పరుగులాంటి నడకతో ఆ పిల్లను అందుకుని చెయ్యి పట్టుకుంది. మాటకోసం వెతుక్కుంది. చాలాసేపు వెతుక్కుంది.

"ననగూ మండి నోయాకత్తావ" అన్నది చివరికి. "కుంద్రూణు బా తంగీ."

నాకూ మోకాళ్ళు నొస్తున్నాయి, కూర్చుందాం రా చెల్లీ అని. ఇద్దరూ రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నారు. సరస్వతి తలమీది చీర మూటను ఒళ్ళో పెట్టుకుని, నూనె సీసా తీసి, ఆ పిల్ల మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టింది. నొప్పి తగ్గిందా అని అడిగింది. ఇంకా ఎక్కడ నొస్తోందని అడిగింది. మీ ఊరు ఏది, మీ అమ్మ పేరేమిటి అని అడిగింది. అన్నీ కన్నడంలోనే, తడబడుతూనే అడిగింది. మల్లేశ్వరి ప్రతిదానికీ తల ఊపుతోంది. ఒక్క మాట మాట్లాడటం లేదు.